నలుగురిలో రాని ఆలోచన పిండి కలుపుతుంటే ఎందుకొస్తుంది?

పోయిన వేసవిలో కృష్ణా కాలువల మీద పిల్లల పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. పుస్తకాలకి బొమ్మలు, అట్టలు వేయడం నా పని. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి బెజవాడ ఊళ్ళోంచి పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు గీయాలి. పుట్టినప్పటినుంచీ చూస్తున్న నీళ్ళే. అయినా ఎలా గీసినా నీలం గుడ్డ పరిచినట్టే ఉంటున్నాయి. 15 రోజులు గీసినవి గీసినట్టు చించేశాను.

ఆ ఆదివారం సాయంత్రం సత్యనారాయణపురంలో మా డాబా మీద ఎప్పటిలాగే ఏడెనిమిదిమందిమి కూర్చున్నాం. నా గోడు వెళ్ళబోసుకున్నాను. తలా ఒక సలహా ఇచ్చారు. నురగ గీయమన్నారు, పడవ పెట్టమన్నారు, ఆకుపచ్చ కలపమన్నారు. ఒక్కటీ పనికిరాలేదు. పక్కింటివాళ్ళ చుట్టం ఒకాయన వాళ్ళతో కలిసి వచ్చారు. కాలువ లస్కరుగా, అంటే కాలువ గట్లూ తూములూ చూసుకునే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మిరపకాయ బజ్జీ తింటూ అంతసేపూ ఊరికే విన్నారు. వెళ్ళబోతూ మెట్ల దగ్గర ఆగి, "అమ్మా, ఒక మాట. నీళ్ళని మీరెందుకండీ గీయడం? గట్టు గీస్తే నీళ్ళు అవే వస్తాయిగా" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం కేకు కోసం గిన్నెకి నూనె రాస్తున్నాను. వేలు ఎక్కడో తప్పి సన్నటి వంకర గీత మేర నూనె అంటలేదు. చూసుకోకుండా మైదా చల్లి, గిన్నెని చుట్టూ తిప్పుతూ తట్టి, మిగిలిన పిండి దులిపేశాను. నూనె ఉన్నచోట పిండి పట్టుకుంది. లేనిచోట అల్యూమినియం మెరుస్తూ, వంపు తిరుగుతూ, రెండు తెల్లటి గట్ల మధ్య కాలువ పారుతోంది. ఎవరూ గీయని నీళ్ళు. పుస్తకంలో చివరికి కాలువలన్నీ అలాగే వేశాను. రంగంతా గట్లకే. నీళ్ళున్నచోట కాగితాన్ని కాగితంగా వదిలేశాను.

ఈ సంగతి చెప్తే కొందరు "చూశావా, నలుగురితో కూర్చుంటేనే ఆలోచనలు వస్తాయి" అంటారు. ఇంకొందరు "వంట చేస్తే మనసు తేలికపడుతుంది, అందుకే తట్టింది" అంటారు. నలుగురితో కలవడం, కలిసి తినడం, ఇంట్లో కేకులాంటిది ఏదో ఒకటి కాల్చుకోవడం సృజనకి మంచివని ఈ మధ్య చాలామంది చెప్తున్నారు. మంచివే. కానీ మూడింటినీ ఒక గంపలో వేసేస్తే ఏది ఏ పని చేస్తుందో తెలియదు. తెలియకపోతే సభలో కూర్చుని ఆలోచన కోసం ఎదురుచూస్తాం, వంటింట్లో నిలబడి మనుషుల కోసం ఎదురుచూస్తాం.

ముందు నలుగురి సంగతి. అందరం కూర్చుని బుర్రలు కలిపితే కొత్త ఆలోచనలు రాలతాయన్న నమ్మకాన్ని ఒక పద్ధతిగా మలిచింది అలెక్స్ ఆస్‌బోర్న్ అనే అమెరికా ప్రకటనల రంగం మనిషి. బ్రెయిన్‌స్టార్మింగ్ అంటే అదే. విమర్శించొద్దు, తోచిందల్లా అనేయండి, ఎన్ని ఎక్కువైతే అంత మంచిది అన్నాడాయన. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షకి పెట్టారు. నలుగురిని కలిపి కూర్చోబెట్టి ఒక సమస్య ఇచ్చారు. మరో నలుగురికి అదే సమస్య విడివిడిగా ఇచ్చి, తర్వాత వాళ్ళ జవాబుల్ని ఒకచోట పోశారు. విడిగా కూర్చున్నవాళ్ళ దగ్గరే ఎక్కువ ఆలోచనలు తేలాయి. ఎందుకిలా అని 1987లో మైకేల్ డీల్, వుల్ఫ్‌గాంగ్ స్ట్రోబ తవ్వి చూశారు. బిడియం, బద్ధకం కన్నా పెద్ద అడ్డంకి వంతు అని తేలింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆగినంతసేపూ తమకి తోచింది జారిపోకుండా పట్టుకోవాలి, అవతలి మాట కూడా వినాలి. ఈ తంటాలో కొత్తది పుట్టే చోటే మిగలదు.

మరి సభ ఎందుకు? దీనికి జవాబు నాకు అష్టావధానంలో దొరికింది. అవధానం చేసే కవి, అంటే అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, ప్రశ్నలు వేసేవాళ్ళు, కూర్చుంటారు. వాళ్ళలో ఒక్కరూ అవధానికి పద్యం అందించరు. అందించేది చిక్కు. అర్థంపర్థం లేని పాదం ఇచ్చి దాన్ని నిలబెట్టమంటారు సమస్యలో. నాలుగు పొంతనలేని మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు దత్తపదిలో. నిషిద్ధాక్షరిలో అవధాని నోట ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి దాన్ని వద్దంటారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో సంబంధం లేని కబురు తెస్తారు. బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి ఊరూరా తిరిగి ఈ విద్యని జనం మధ్యలోకి తెచ్చారు. అంతమంది కూర్చున్న ఆ సభల్లో పద్యం కట్టేది కవి పక్షమే. మిగతా సభ అంతా ప్రశ్న.

అవధానంలో ఇంకొక ఏర్పాటు ఉంది, నేను చాలా ఆలస్యంగా గమనించాను. పద్యం చెప్పే అంశాల్లో అవధాని మొత్తం పద్యం ఒకేసారి ముగించడు. ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్ళిపోతాడు. అందరినీ చుట్టి ఆవృత్తి తిరిగి వచ్చాక రెండో పాదం. అంటే ప్రతి ప్రశ్ననీ కాసేపు వదిలిపెట్టడం ఆ ప్రక్రియలోనే కుట్టేసి ఉంది.

1926లో గ్రాహం వాలస్ అనే ఇంగ్లీషు ఆలోచనాపరుడు సృజనకి నాలుగు మెట్లు చెప్పాడు. సమస్యతో కుస్తీ పట్టడం, పక్కన పెట్టడం, హఠాత్తుగా తట్టడం, తట్టింది నిలుస్తుందో లేదో సరిచూసుకోవడం. రెండో మెట్టుకి ఆయన వాడిన మాటకి అర్థం పొదగడం. మన వంటింట్లో దానికి ఇంకా దగ్గరి మాట ఉంది, పులవడం. మినప్పప్పు రుబ్బి రాత్రి మూత పెట్టి వదిలేస్తాం. బయటినుంచి ఏమీ కలపం. పప్పుతోపాటు వచ్చిన ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా తెల్లారేదాకా పనిచేసి పిండిని పొంగిస్తుంది. మధ్యలో లేచి గరిటె తిప్పితే పొంగు అణుగుతుంది. ఇది అందరికీ తెలుసు. తెలిసీ మర్చిపోయేది ఇంకొకటుంది. రుబ్బకుండా వదిలేస్తే పులవడానికి ఏమీ ఉండదు. ఆ 15 రోజులు కాగితాలు చించకపోయి ఉంటే గిన్నెలో గీత నాకు కాలువలా కనపడేది కాదు. నూనె సరిగా అంటలేదనుకుని ఇంకోసారి రాసేదాన్ని.

లస్కరుగారి దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ ప్రశ్న మా మిత్రుల్లో ఎవరికీ ఎందుకు తోచలేదు? మేమందరం చదివే పుస్తకాలు అవే, చూసే బొమ్మలు అవే. నాకు తెలిసిందే వాళ్ళకీ తెలుసు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఇదే చెప్పాడు. దగ్గరివాళ్ళ కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ళ ద్వారానే కొత్త కబురు వస్తుంది, ఎందుకంటే వాళ్ళు తిరిగే లోకం వేరు. ఆయన చూసింది జనానికి ఉద్యోగాల కబుర్లు ఎలా చేరతాయన్నది. కానీ జనవరిలో మన ఊరి పుస్తక మహోత్సవంలో స్టాలు దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఇది అనుభవమే. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి ఏ పుస్తకం తీశాడో చూసి మనమూ చెయ్యి చాస్తాం. అందుకే ఇప్పుడు మా కూర్చోవడానికి ప్రతిసారీ ఒక్కరైనా కొత్తవాళ్ళు రావాలని పట్టుబడతాను. రచయితలు, చిత్రకారులు కానక్కర్లేదు. కానివాళ్ళయితేనే మేలు.

ఇక పిండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాబార్బరాలో 2012లో 145 మందితో ఒక ప్రయోగం జరిగింది. మామూలు వస్తువులకి ఎన్ని కొత్త ఉపయోగాలు చెప్పగలరో అడిగి, మధ్యలో విరామం ఇచ్చారు. విరామంలో కొందరికి బుర్రకి కష్టమైన పని, కొందరికి తేలికపాటి పని, కొందరికి ఊరికే విశ్రాంతి, కొందరికి విరామమే లేదు. మళ్ళీ అవే ప్రశ్నలు అడిగితే తేలికపాటి పని చేసినవాళ్ళే బాగా మెరుగయ్యారు, దాదాపు 41 శాతం. ఊరికే కూర్చున్నవాళ్ళు కాదు. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్ళందరికీ ఇదే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని వేదవాక్కుగా పట్టుకోకూడదు. నా అనుభవం మాత్రం దానివైపే మొగ్గుతుంది. చేతికి పని ఉండాలి, మనసుకి వెసులుబాటు ఉండాలి. మైదా జల్లించడం, యాలకులు వలవడం, గిన్నెకి నూనె రాయడం అలాంటి పనులే. ఇంకో మేలు కూడా ఉంది. చేతులకి పిండి ఉన్నంతసేపూ ఫోను ముట్టుకోలేం.

మరి కూర వండితే రాదా? వస్తుంది, కానీ తక్కువ. కూర మనల్ని వదలదు. ఉప్పు చూడాలి, అడుగంటకుండా కలపాలి, చింతపండు రసం ఎప్పుడు పోయాలో కనిపెట్టి ఉండాలి. కేకు దారి వేరు. కొలతలన్నీ ముందే తేల్చుకోవాలి. గిన్నె కుక్కరు లోపలికి వెళ్ళాక 40 నిమిషాలు మనం చేయగలిగింది ఏమీ లేదు. తొందరపడి మూత తీస్తే చల్లగాలి తగిలి, ఇంకా గట్టిపడని పిండిలోని బుడగలు కుంచించుకుని నడుమ గుంట పడుతుంది. ముందు శ్రద్ధ, తర్వాత బలవంతపు తీరిక. ఆ తీరిక కోసమే నేను కాలుస్తానేమో అనిపిస్తుంది. వంటింటి గోడకి క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పి కట్టి ఉంచాను, పెన్సిలు దారంతో వేలాడుతుంటుంది.

కాల్చడం మనకి ఓవెన్‌తోపాటు వచ్చిన విద్య కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా మామ్మ కుంపటి మీద దిబ్బరొట్టె వేసేది. మందపాటి ఇనప మూకుట్లో నూనె కాగాక మినపపిండి, బియ్యపు రవ్వ కలిపిన ముద్దని రెండంగుళాల మందాన పరిచి, మూత పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు వేసేది. కింద సెగ, పైన సెగ. ఓవెన్ చేసేది అంతకన్నా వేరు కాదు. నేను పక్కన కూర్చుని ఆగలేకపోయేదాన్ని.

"మామ్మా, అయిందేమో చూడనా?"

"మూత తీయకే పిల్లా. ముక్కుతో చూడు."

ముక్కుతో చూడటం అంటే ఏమిటో చాలా ఏళ్ళకి తెలిసింది. సుమారు 140 డిగ్రీలు దాటాక పిండిలోని చక్కెరలు, మాంసకృత్తుల అంశాలు కలిసి ఎర్రటి రంగునీ, వందల రకాల వాసనల్నీ పుట్టిస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద మెయ్యార్ చర్య అంటారు. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చాక, అది మాడువాసనగా మారేలోపు ఒక సన్నటి సందు ఉంటుంది. మామ్మ పట్టుకునేది ఆ సందుని. అది పుస్తకంలో కొలతగా రాయగలిగింది కాదు, పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. అరిసెల పాకం కూడా అంతే. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ కట్టాలి, కట్టీ మెత్తగా ఉండాలి. ఎంత మెత్తగా అన్నది ఒక చెయ్యి ఇంకో చేతికి చూపించాలి. వాసన సంకేతం మెదడులో జ్ఞాపకాలకీ, భావాలకీ చెందిన భాగాల్ని చాలా దగ్గరి దారిలో చేరుతుంది. మినపరొట్టె వాసన వస్తే నాకు కుంపటీ, బ్రాడీపేట అరుగూ కలిసే గుర్తొస్తాయి.

సెలవుల్లో అక్కడే ఇంకో ముచ్చట ఉండేది. మైదా, పంచదార, డాల్డా డబ్బాల్లో పెట్టుకుని బేకరీకి వెళ్ళి బిస్కెట్లు చేయించుకొచ్చేవాళ్ళం. వంతు వచ్చేదాకా ఆడవాళ్ళు ఒకరి డబ్బాలోకి ఒకరు తొంగి చూసుకునేవారు. "వదినగారూ, మీరు యాలకులు వేస్తారా? నేను జీలకర్ర వేసి చూద్దామనుకుంటున్నా." వచ్చే ఏడు యాలకులావిడ జీలకర్ర తెచ్చేది. క్రిస్మస్‌కి మామ్మ వాళ్ళ లైన్లో కేకు ఇటొచ్చేది, సంక్రాంతికి అరిసెలు అటెళ్ళేవి. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదు కాబట్టి అందులో మళ్ళీ ఏదో ఒకటి.

బెజవాడలో కేకు చేయాలంటే ఎండతో బేరం కుదుర్చుకోవాలి. వెన్ననీ పంచదారనీ కలిపి గిలకొడితే పంచదార పలుకులు వెన్నలో చిన్న చిన్న గాలి గూళ్ళు కడతాయి. కేకు పొంగడానికి మొదటి ఆధారం ఆ గాలే. దానికి వెన్న 20 డిగ్రీల దగ్గర, మెత్తగా ఉండీ నిలబడేట్టు ఉండాలి. 32 దాటితే కరగడం మొదలుపెడుతుంది. మేలో మా వంటింట్లో పొయ్యి వెలిగించకముందే అంతకన్నా వేడి. రెండేళ్ళు ఐసుముక్కల గిన్నెలో గిన్నె పెట్టి అవస్థ పడ్డాను. తర్వాత వెన్న మానేశాను. కప్పున్నర మైదా, కప్పు పెరుగు, ముప్పాతిక కప్పు పంచదార, అరకప్పు నూనె, అర టీస్పూను సోడా, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడరు. పెరుగులోని ఆమ్లం సోడాతో కలిసిన క్షణం నుంచే గ్యాసు పుడుతుంది, అందుకే కలిపాక ఆలస్యం చేయకూడదు. పాత కుక్కరులో ఇసుక పోసి, విజిలూ రబ్బరూ తీసేసి, ముందు 10 నిమిషాలు కాగనిచ్చి, గిన్నె దించి, సన్న సెగ మీద 40 నిమిషాలు. పంచదార బదులు బెల్లం వేస్తే రంగు ముదురుతుంది, తడి నిలుస్తుంది. వెన్న వద్దని ఎండ అన్నది కాబట్టే నాకు నూనె కేకు వచ్చింది. నిషిద్ధాక్షరిలో ఒక అక్షరం మూసుకుపోయినప్పుడు అవధాని ఇంకో మాటని వెతుక్కున్నట్టే.

ఇంతా చేసి ఒక కేకు. దాన్ని సృజన అనొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 658 మంది యువతీ యువకుల చేత 13 రోజులు డైరీ రాయించింది. మామూలు కన్నా ఎక్కువ సృజన చేసిన రోజుకి మర్నాడు వాళ్ళలో ఉత్సాహం పెరిగినట్టు తేలింది. వాళ్ళు చెప్పిన పనుల్లో కొత్త వంటకం చేయడం కూడా ఉంది. నాకైతే ఆ మర్నాటి ఉత్సాహమే బొమ్మల బల్ల దగ్గర అక్కరకొస్తుంది.

కలిసి తినడం గురించి. ఆవకాయ పెట్టిన రోజు బేసిన్ అడుగున మిగిలిన కారంలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, చుట్టూ కూర్చున్న అందరి చేతుల్లోనూ ముద్దలు పెట్టడం మన ఇళ్ళలో ఉంది. ఆ పది నిమిషాలు ఇంట్లో ఎవరికీ ఎవరితో పేచీ ఉండదు. 2019లో కెయిట్లిన్ వూలీ, అయెలెట్ ఫిష్‌బాక్ ప్రచురించిన ప్రయోగంలో అపరిచితుల్ని జంటలుగా కూర్చోబెట్టి, యాజమాన్యం, యూనియన్ పాత్రలిచ్చి, జీతం బేరం ఆడించారు. తినడానికి చిప్స్, సల్సా పెట్టారు. ఒకే గిన్నెలోంచి తిన్నవాళ్ళు వేరువేరు గిన్నెల్లో తిన్నవాళ్ళ కన్నా త్వరగా ఒప్పందానికి వచ్చారు. లస్కరుగారు మా పళ్ళెంలోంచి బజ్జీ తీసుకోకుండా కుర్చీలో దూరంగా కూర్చుని ఉంటే, నలుగురు చదువుకున్నవాళ్ళ మధ్య ఆ మాట అడిగేవారా? అడిగేవారు కాదనే నా నమ్మకం.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఒకటుంది. మన సాహిత్య గోష్ఠుల జ్ఞాపకాల్లో కాఫీల మీద కాఫీలు వస్తూనే ఉంటాయి. ఆ కాఫీ కలిపిన మనిషి ఎక్కడా కనపడదు. హాల్లో కూర్చున్నవాళ్ళకి ప్రశ్న దొరికింది, రుచి దొరికింది, తీరిక దొరికింది. వంటింట్లో ఉన్నావిడకి గోడ అవతల నవ్వులు మాత్రం వినపడ్డాయి. వంట ఎవరికి ప్రేరణ అన్నది, ఆ వంట ఎవరి నెత్తిన పడింది, ఎంతమందికి పడింది, కాదనే వీలు ఉందా అన్నదాని మీద ఉంటుంది. ఎనిమిదిమందికి టిఫిను, రాత్రికి వంట, మధ్యలో పిల్లల చదువు పెట్టుకున్న మనిషితో "పిండి కలుపుతుంటే ఆలోచనలు వస్తాయి" అనడం అన్యాయం. ఆమెకి మిగలనిదే ఆ వెసులుబాటు. మా డాబా మీద కూడా మొదట్లో బజ్జీలు వేసింది మా వదిన ఒక్కతే. ఒకరోజు ఆవిడే అడిగింది, "మీరంతా ఏదో అడిగి నవ్వుకున్నారు గదా, ఏమిటది?" అని. తిరిగి చెప్తే అందులో నవ్వు లేదు.

అప్పటినుంచి డాబా మీద కూర్చోవడం మానేశాం. ఆదివారం నాలుగింటికి వంటింట్లోనే కలుస్తాం. ఇరుకే. ఇద్దరు గడప మీద, ఒకరు సిలిండరు పక్కన పీట మీద. ఎవరి సరుకు వాళ్ళే తెస్తారు, ఎవరి గిన్నె వాళ్ళే కడుగుతారు. మా వదిన ఇప్పుడు పీట మీద కూర్చుని యాలకులు వలుస్తూ అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది. పోయిన వారం జొన్నపిండితో కేకు చేశాం. గ్లూటెన్ లేదు కాబట్టి బుడగల్ని పట్టి ఉంచే సాగుడు ఉండదు, చదునుగా వచ్చి కోస్తుంటే పొడిపొడిగా రాలింది. సగం మైదా కలిపితే పొంగుతుందని ఒకరు, గుడ్డు వేయాలని ఒకరు. లస్కరుగారు రాలిన పొడిని అరచేతిలోకి తీసుకుని తింటూ అన్నారు, "బానే ఉంది గదండీ. ఇది పొంగాలని ఎవరన్నారు?"

క్యాలెండరు కాగితం మీద ఆ ప్రశ్న రాసి, కింద తేదీ వేశాను. కుక్కరులో ఇసుక ఇంకా వెచ్చగానే ఉంది.